గాజుతొట్టిలో సముద్రము

పలకపై వ్రాసిన అక్షరములను తుడుచుటకును, తపాలా కచేరీలో బిళ్ళలను తడిపి అంటించుటకును ఒకప్పుడు వాడుకలో నుండిన స్పాంజిని మనలో పెద్దవారు ఎరుగుదురు. రబ్బరుతోను ఇతర కృత్రిమ పదార్థములతోను దానిని చేయ నారంభించుటకు పూర్వము అది సముద్రగర్భమునుండి వచ్చెడిది. మెత్తగా, కన్నములతో నిండియుండిన ఆ వస్తువు నిజమునకు ఒక జంతువుయొక్క అస్థిపంజరము. ఆ జంతువునకు మన పాఠ్యపుస్తకములందు స్పంజిక యని పేరు. దానికి నోరు లేదు, కడుపు లేదు, గుండె లేదు, నరములు లేవు. రాతికి అంటుకొని కదలక మెదలక యుండును. ఇట్టి జీవికి చరిత్ర యేమి, దానిని గూర్చి ముచ్చటించుట యెందులకు అని కొందరికి తోపవచ్చును. అయినను, ఇంటిలో గాజుతొట్టియందు సముద్రమును నిలుపవలెనని మానవుడు చేసిన సుమారు నూటయెనుబది యేండ్ల ప్రయత్నమును ఈ నోరులేని జీవి ఒక ప్రశ్న అడిగినది. నీరు శుభ్రముగా నుండుట యనగా నేమి? ఆ ప్రశ్న యెట్లు పుట్టినదో, దానికి సమాధానము ఎట్లు దొరకినదో మనమిప్పుడు చూతము.

స్పంజిక జంతువా, వృక్షమా అను తగవు చాల ప్రాచీనమైనది. గ్రీసుదేశపు అరిస్టాటిలు దీనికి కొంత స్పర్శజ్ఞానము కలదని తలచెను. పెరికివేయుటకు ఎవరైన సమీపించినచో అది ముడుచుకొని రాతిని గట్టిగా పట్టుకొనునని వ్రాసి, టొరోనె పట్టణవాసులు మాత్రము ఈ మాటను ఒప్పుకొనుట లేదని కూడ నిష్పక్షపాతముగా చేర్చెను. ఆ తరువాత రెండువేల యేండ్లు గడచినను తగవు తీరలేదు. 1765లో లండను నగరమున జాన్ ఎల్లిసు అను వర్తకుడు సజీవమైన స్పంజికల రంధ్రములందు నీరు కదలుచుండుటను గమనించి అది జంతువే యని వాదించెను. 1825లో ఎడింబరో నగరమున రాబర్టు గ్రాంటు అను వైద్యుడు ఒక చిన్న స్పంజికను గడియారపు అద్దములో సముద్రజలమునందుంచి సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించెను. దాని పెద్ద రంధ్రమునుండి నీరు ఊటవలె వెలువడుచుండెను. ఎంతసేపు చూచినను ఆ ధార ఆగలేదు, వెనుకకు మరలలేదు. నీరు చిన్న రంధ్రములగుండ లోనికి పోయి పెద్ద రంధ్రముగుండ వెలుపలికి వచ్చుచున్నదని ఆయన తేల్చెను. రంధ్రములు గలవి యను అర్థమున ‘పొరిఫెరా’ యని ఈ జాతికి పేరు పెట్టినవాడును ఆయనయే. ఆ దినములలో ఎడింబరోలో వైద్యవిద్య చదువుచుండిన చార్లెసు డార్విను ఈ గ్రాంటు వెంట సముద్రతీరమున జీవులను ఏరుచు తిరిగెను. డార్విను పేరు మన కథలోనికి మరల వచ్చును.

ఆ ధార యెట్లు పుట్టుచున్నది? స్పంజిక లోపల సన్నని కాలువలును, చిన్న చిన్న గదులును ఉండును. ఆ గదుల గోడలపై కొరడావంటి తోకగల కణములు లెక్కకు మించి అమరియుండును. ప్రతి తోకచుట్టును జల్లెడవంటి ఒక పట్టెడ యుండును. తోక ఆడగా నీరు లోనికి లాగబడును. నీటిలోని బాక్టీరియాలు జల్లెడకు చిక్కును. మిల్లీమీటరులో వెయ్యవవంతుకంటె చిన్నవైన కణములను సైతము అది విడువదు. ఒక్కొక్క స్పంజిక తన దేహపరిమాణమునకు అనేక వేలరెట్ల నీటిని ఒక దినమున వడపోయగలదు. ఇక దాని దేహనిర్మాణము ఎంత విచిత్రమైనదో 1907లో అమెరికాదేశపు హెచ్. వి. విల్సను చూపెను. ఆయన ఒక స్పంజికను సన్నని పట్టుగుడ్డలో వేసి పిండెను. విడివిడిగా రాలిన కణములు నీటి అడుగున ప్రాకుచు ఒకదానితో నొకటి కూడుకొని, కొన్ని దినములకు మరల స్పంజికగా రూపొందెను. పిండి నలిపినను చావని యీ జీవి గాజుతొట్టిలో మాత్రము నిలువక చచ్చుచుండెననుటయే మన కథలోని చిక్కు.

గాజుతొట్టి కథను ఇంగ్లండునుండి ప్రారంభింతము. 1846లో అన్నా థిన్ అను ఆమె టార్కీ తీరమున గిన్నెలవంటి చిన్న రాతిపగడములను చూచి ముచ్చటపడి లండనునకు తెచ్చెను. ప్రయాణములో వానికి అన్ని వైపులను నీరు తగులుచుండవలెనని ఆమె చేసిన ఉపాయము గమనింపదగినది. సూది దారము తీసికొని ఆ పగడములను ఒక పెద్ద స్పాంజికి కుట్టి, జాడీలో సముద్రజలమందుంచెను. అనగా పగడము మొదటిసారి ఇంటికి వచ్చినది స్పంజిక వీపుమీదనే! ఇంటికి వచ్చిన పిదప నీరు చెడకుండుటకై పనికత్తె ప్రతిదినము తెరచిన కిటికీయొద్ద నిలిచి ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి ఆ నీటిని మరల మరల పోయుచుండెను. మరుసటి సంవత్సరము ఆమె సముద్రపు నాచును కూడ తెప్పించి తొట్టిలో వేసెను. ఆ పగడములు మూడేండ్లకు పైగా జీవించి పిల్లలను కూడ పెట్టెను.

ఇదే కాలమున రాబర్టు వారింగ్‌టను అను రసాయనశాస్త్రజ్ఞుడు మంచినీటితో ప్రయత్నించెను. 1849లో ఆయన ఒక తొట్టిలో బంగారుచేపలను, నీటిమొక్కలను ఉంచెను. చేప విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించి ప్రాణవాయువు నిచ్చును గదా, ఇక నీరు మార్చనక్కరలేదని ఆయన యూహ. కాని కొంతకాలమునకు మొక్కల ఆకులు కుళ్ళి నీరు మురికిపట్టెను. అప్పుడాయన చెరువునత్తలను తెచ్చి వేసెను. నత్తలు కుళ్ళిన ఆకులను తినెను; వాని గ్రుడ్లు చేపలకు ఆహారమయ్యెను; నీరు తేరుకొనెను. తినువాడు, పండించువాడు ఇద్దరున్నచాలదనియు, మిగిలినదానిని మరల వాడుకలోనికి తెచ్చు మూడవవాడు కూడ కావలెననియు ఈ నత్త తెలిపినది. తరువాత సముద్రపు తొట్టిలో జరిగిన వ్యవహారమంతయు ఈ మూడవవాని కొరకు చేసిన అన్వేషణయే యనవచ్చును.

1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల గృహము తెరువబడెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాసు తన గ్రంథమునకు ‘అక్వేరియం’ అను పేరే పెట్టెను. ఆ పేరుతోబాటు గాజుతొట్టి కూడ ఇంగ్లండులోని గొప్పవారి ఇండ్లకు వ్యాపించెను. కాని సముద్రపు తొట్టిని నిలుపుట అనుకొన్నంత సులభము కాదు. నీరు చెడి జీవులు చచ్చుచుండగా పదిపదునైదేండ్లలో ఆ వేడుక చల్లారెను. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ వద్ద స్థాపింపబడిన ప్రదర్శనశాలలో విలియం ఆల్ఫర్డు లాయిడు నేలక్రింద చీకటి జలాశయము కట్టించి, ప్రదర్శనపు తొట్లకును దానికిని మధ్య నీటిని నిరంతరము త్రిప్పెను. వెలుగులోని తొట్టికి చీకటిలోని గది తోడుగా నుండవలెనను నియమము ఆనాడే ఆచరణలోనికి వచ్చినది. దానిలోని పూర్తి అర్థము తెలియుటకు మరి నూరేండ్లకు పైగా పట్టెను.

మన దక్షిణదేశమునకును ఈ చరిత్రలో చోటు కలదు. 1905లో ఆర్థరు డెండీ సింహళపు ముత్యపుచిప్పల క్షేత్రములందును, మన్నారు సింధుశాఖయందును లభించిన స్పంజికలను గూర్చి వివరమైన నివేదిక వెలువరించెను. 1909లో మద్రాసు సముద్రతీరమున ఒక అక్వేరియము ప్రజలకు తెరువబడెను. ఆనాటి మద్రాసు రాజధానిలో మన తెలుగు జిల్లాలు కూడ చేరియుండెను గనుక అది మనవారిదిని అయ్యెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది మూతపడెను.

ఉష్ణదేశపు పగడములను ఇంటిలో పెంచు విద్య ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమునగాని సాధ్యము కాలేదు. 1961లో జకార్తానగరవాసి లీ చిన్ ఎంగ్ అను నతడు తన పద్ధతిని ఒక అమెరికా పత్రికలో ప్రకటించెను. ఆయన పద్ధతి యంతయు సులభమైనది. సముద్రమునుండి తెచ్చిన రాళ్ళను, వానిపై కానవచ్చియు కానరాకయు నుండు సమస్త జీవులతో సహా, తొట్టిలో నుంచి, గాలిబుడగలు పోనిచ్చెను, అంతే. ఆ రాళ్ళకు ‘జీవశిల’ యని పేరు వచ్చెను. కాని సముద్రమునకు దూరముగా నుండు యూరపు, అమెరికా నగరవాసులకు అట్టి సౌకర్యము లేదు. వారు యంత్రములను నమ్ముకొనిరి. వానిలో ముఖ్యమైనది స్కిమ్మరు. చెరకుపాకమును కాచునపుడు పైకి తేలిన నురుగును గరిటెతో తీసిపారవేయుదుముగదా. ఆ విధముగనే ఈ యంత్రము సన్నని బుడగలచే నీటిలోని జిగట పదార్థములను నురుగుగా పైకి తెచ్చి వెలుపల పారవేయును. దీనికి తోడు బొగ్గుపొడి మిగిలిన రంగును, కరగియున్న పదార్థములను పీల్చివేయును. జీవశిల, స్కిమ్మరు, తీవ్రమైన దీపకాంతి – ఈ మూటిని కలిపిన పద్ధతికి బెర్లిను పేరు స్థిరపడెను. దానివలన రాతిపగడములు ఇండ్లలో పెరుగజొచ్చెను. నీరు స్ఫటికమువలె మెరసెను. అందరును సంతోషించిరి.

స్పంజిక మాత్రము చచ్చెను. ఎఱ్ఱనివి, నారింజరంగువి, నీలపువి అందమైన స్పంజికలను వెలపెట్టి కొనితెచ్చి వెలుగులో నిలిపినవారు, అవి కొన్ని వారములకే కొనలనుండి తెల్లబడి, కుళ్ళి, తొట్టినంతను చెరచుటను చూచిరి. స్పంజిక పెంపుడునకు పనికిరాని జంతువని పుస్తకములు వ్రాసెను. అయితే అదే తొట్టికి వెనుకనున్న చీకటి అరలలోను, గొట్టముల లోపలను, రాళ్ళ అడుగునను, ఎవ్వరు నాటని చిన్న తెల్లని స్పంజికలు బొడిపెలు బొడిపెలుగా పెరుగుచుండెను. ఆదరించి తెచ్చినది చచ్చుచున్నది. అడుగకుండ వచ్చినది వర్ధిల్లుచున్నది. ఇది యేమి వింత?

ఇందుకు సమాధానము తొట్టిలో కాక నిజమైన పగడపు దిబ్బలందు దొరకెను. ఉష్ణమండల సముద్రపు నీరు నీలముగా నిర్మలముగా నుండుటకు కారణము దానిలో పోషకములు అత్యల్పముగా నుండుటయే. అది ఒక విధముగా ఎడారి. ఆ ఎడారిలో పగడపు దిబ్బ పండ్లతోటవలె కళకళలాడుచుండుట యెట్లు? డార్విను 1842లో పగడపు దిబ్బల నిర్మాణమును గూర్చి మహాగ్రంథము వ్రాసినవాడు గనుక తరువాతివారు ఈ సమస్యకు ఆయన పేరే పెట్టిరి. 1954లో హవర్డు ఓడమ్, యూజీన్ ఓడమ్ అను సోదరులు పసిఫికు మహాసముద్రమునందలి ఎనివెటాకు దిబ్బను పరిశోధించి, మరుసటి సంవత్సరము తమ లెక్కలు ప్రకటించిరి. అచ్చటి ఉత్పత్తి మిక్కిలి యధికమనియు, ఆ ఉత్పత్తి దాదాపు అంతయు అచ్చటనే ఖర్చగుచున్నదనియు వారు కనుగొనిరి. పగడము తన దేహములోని సూక్ష్మశైవలములతో ఇచ్చిపుచ్చుకొనుట అందుకొక కారణము. కాని పగడములును నాచులును తాము సంపాదించినదానిలో పెద్దభాగమును జిగురుగాను, కరగిన చక్కెరల రూపమునను నీటిలోనికి విడచుచున్నవి. అది చేపకు అందదు, పీతకు అందదు. నీటితోబాటు కొట్టుకొనిపోవలసినదే గదా! అది పోవనిచో దానిని పట్టుచున్న దెవరు?

1970 ప్రాంతమున హెన్రీ రీస్‌విగ్ జమైకాతీరమున స్పంజికల జమాఖర్చులు వ్రాసెను. సూక్ష్మదర్శినిలో కానవచ్చు ఆహారము వాని బ్రదుకునకు చాలదని తేలెను. కంటికి కానరాని దేదో అవి తినుచున్నవని ఆయన యూహించెను. ఆ తరువాత కురసావ్ ద్వీపమున డచ్చి శాస్త్రజ్ఞుడు యాస్పరు డె గూయ్, ఆయన సహచరులు దిబ్బల గుహలలో గోడకు పూతపూసినట్లుండు పలుచని స్పంజికలను పరీక్షించిరి. ఒక జాతి స్పంజిక తన దేహమందలి కర్బనములో సగమునకు మించిన కర్బనమును, నీటిలో కరగియున్న పదార్థముల రూపమున, ప్రతిదినము గ్రహించుచుండెను. అంత తినినను అది పెరుగుట లేదు! తిన్న దెచటికి పోయినది? 2009లో వారు దానిని ప్రకటించిరి. ఆ స్పంజికయొక్క వడపోత కణములు ఐదారు గంటల కొకసారి విభజన చెందుచు, పాతవానిని రాల్చివేయుచున్నవి. 2013లో వారు మరియొక మెట్టెక్కిరి. భారమైన కర్బన నత్రజని పరమాణువులతో గుర్తుపెట్టిన కరగిన ఆహారమును స్పంజికలకు పెట్టి, ఆ గుర్తు ఎచటికి పోవుచున్నదో వెంబడించిరి. గుర్తు స్పంజిక దేహములో కనబడెను. పిదప అది రాల్చిన నలుసులలో కనబడెను. తుదకు ఆ నలుసులను తినిన చిన్న ప్రాణుల దేహములలో కనబడెను. చేపలకందని ద్రవము స్పంజికగుండ పోయి ఘనమై, మరల దిబ్బవారి భోజనములోనికి వచ్చుచున్నదన్నమాట. దీనికి ‘స్పంజిక వలయ’మని పేరు పెట్టిరి.

మన తెలుగు పల్లెటూళ్ళలోని కుడితితొట్టిని ఎరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. బియ్యము కడిగిన నీరు, గంజి, తౌడు, కూరల తొక్కులు – మనుష్యుడు త్రాగరానిది, తినరానిది అంతయు ఆ తొట్టిలో చేరును. గేదె దానిని త్రాగి పాలిచ్చును, పేడ వేయును. పేడ పెంటకుప్ప చేరి ఎరువై పొలమునకు పోయి మరల బియ్యమగును. కుడితిని కాలువలో పారబోయు ఇల్లాలిని మన పెద్దలు గృహిణి యనరు. పగడపు దిబ్బలోని స్పంజిక ఆ కుడితిత్రాగు గేదె. వారింగ్‌టను నత్తవలన గ్రహించిన మూడవవాడు సముద్రమున ఇతడే.

ఇప్పుడు గాజుతొట్టిలోని వింత విడిపోవును. యజమాని నీటిని శుభ్రము చేయుచున్నాననుకొని చేసినది స్పంజిక నోటిముందరి కంచమును లాగివేయుటయే. స్కిమ్మరు నురుగులో పారబోసినది కుడితియే. బొగ్గుపొడి పీల్చినది కుడితియే. అనేక జాతుల స్పంజికలకు అస్థిపంజరము సిలికాతో చేసిన గాజుసూదులు. నాచుపూత పట్టునని భయపడి యజమాని నీటినుండి సిలికాను కూడ తొలగించెను. అనగా అన్నమును తీసివేసి, ఎముకకు కావలసిన సున్నమును కూడ తీసివేసినట్లు! చీకటి అరలో, గొట్టములో, యజమాని దృష్టి పడని చోట మిగిలిన కొంచెపు మురికితో చిన్న స్పంజికలు బ్రదికెను.

ఈ సంగతి గ్రహించిన కొందరు అభిరుచిగలవారు 1990 దశకమునుండియే తొట్టికి అనుబంధముగా చీకటి గదులను ఏర్పరచి, సన్నని ప్రవాహముతో స్పంజికలను పెరుగనిచ్చి, వానిచేతనే నీటిని వడపోయించుకొనిరి. వారి యనుభవమునుండి తేలిన నియమములు కొన్ని కలవు. స్పంజికను నీటినుండి పైకి తీయరాదు. గాలి దాని కాలువలలో చిక్కినచో ఆ భాగము చచ్చును. మట్టి పేరుకొననీయరాదు. తీవ్రమైన వెలుగున నుంచినచో నాచు దానిని కప్పివేయును. అయితే సూర్యకాంతిచే ఆహారము చేసికొను సూక్ష్మజీవులను తమ దేహమున దాచుకొన్న స్పంజికలు కూడ కలవు, వానికి వెలుగు కావలెను. చచ్చిన భాగమును వెంటనే కోసి తీసివేయవలెను. మిగిలిన మంచి తునక మరల అంటుకొని పెరుగగలదు. 1860 దశకములో ఆడ్రియాటికు తీరమున ఆస్కారు ష్మిట్ స్నానపు స్పంజికలను తునకలుగా కోసి సముద్రములో పెంచి ఈ సంగతిని ముందే నిరూపించియుండెను.

ఇంతమాత్రమున స్పంజిక సర్వరోగనివారిణి యని మేము చెప్పబోము. అన్ని జాతులును ఒకేరీతిగా నలుసులను రాల్చునా అను విషయమున శాస్త్రజ్ఞులలో వాదములు నడచినవి. దేహమంతయు బాక్టీరియాలతో నిండిన పెద్ద స్పంజికల నడవడి పలుచని గుహాస్పంజికల నడవడివలె నుండదని కొందరు చూపిరి. తొట్టిలో జీవులు మితిమీరినచో, మేత మితిమీరినచో, ఏ స్పంజికయు నీటిని కాపాడలేదు. కుడితితొట్టి పొంగిపొరలిన ఇంట గేదెమాత్ర మేమి చేయును? కావున స్కిమ్మరును పారవేయుడని కాదు, దానిని అదుపులో నుంచుడని యీ చరిత్ర బోధించుచున్నది.

మరియొక మాట. మన దేశమున 2001లో రాతిపగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చిరి. మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు మొదలగుచోట్లనుండి వానిని పెరికి తెచ్చుట నేరము. ఇది న్యాయమే. వేడెక్కుచున్న సముద్రములో పగడములు తెల్లబడి చచ్చుచున్న కాలమున, ఒకరి ఇంటి ముచ్చటకై దిబ్బను పెరుకుట తగదు. ఈ విద్యవలన మనము పొందవలసిన ఫలము తొట్టికంటె పెద్దది. దిబ్బను కాపాడవలె ననువారు రంగురంగుల పగడములను, చేపలను మాత్రమే లెక్కించుచు, రాళ్ళ అడుగున, గుహల గోడలపై నుండు అనామకులను మరచుట కలదు. ఆ అనామకులు లేనిచో దిబ్బ తాను సంపాదించినదానిని తానే నిలుపుకొనలేదు.

అన్నా థిన్ పగడమును స్పాంజికి కుట్టి తెచ్చిననాడు, ఆ దారము ప్రయాణమునకు మాత్రమే అని తలచెను. ఇల్లు చేరగానే స్పాంజిని ప్రక్కన పెట్టి పగడమును తొట్టిలో నిలిపెను. ఆ తరువాతివారందరును అదే పని చేసిరి. ఆ రెంటిని కలిపిన దారము తెగరానిదని తెలిసికొనుటకు మనకు దాదాపు నూటడెబ్బది యేండ్లు పట్టినది.